ఎనిమిది రావాల్సిన చోట ఏడు

నాకు పాట రాదు, తాళం అంతకన్నా రాదు. బడిలో పొద్దున ప్రార్థన మొదలైతే నేను పెదవులు మాత్రమే కదుపుతానని పిల్లలందరికీ తెలుసు. జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి బతికేదాన్ని. అలాంటి నేను పోయిన ఎండాకాలం భూపాలపల్లి అవతల, అడవి అంచున, ఏడు రోజుల అఖండ భజనకు పోయి పరదా కింద కాపురం పెట్టానంటే మా బడిలో ఎవరూ నమ్మలేదు. భక్తి పెరిగిందా టీచరమ్మా అని ఆటపట్టించారు. భక్తి కాదు, భయం.

మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. లింగాల ఘనపూర్ దగ్గర మా ఊళ్లో రోడ్డు మీదే షాపు. ఊరి భజన బృందంలో పదిహేనేళ్లుగా డోలక్ ఆయనదే. రాగి తీగె చుట్టీ చుట్టీ కాయలు కాసిన వేళ్లే డోలక్ మీద పడితే ఎంత మెత్తగా ఆడతాయో చూడాలి. ప్రతి ఎండాకాలం ఎక్కడో ఒక చోట అఖండ భజన ఉంటుంది, ఆయన పోతాడు, ఆ వారం నేను ఇంట్లో కాళ్లు చాపుకుని హాయిగా ఉంటాను. మూడేళ్ల కిందటి దాకా సంగతి ఇది.

మూడేళ్ల కింద ఒక సాయంత్రం అన్నం తింటుండగా ఆయన ఎడమ బొటనవేలు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఏంది ఆ ఆట అని నవ్వబోయాను. ముద్ద జారిపడింది, మనిషి ఒరిగిపోయాడు, ఒళ్లంతా కొయ్యబారి ఊగిపోయింది. ఇంట్లో మేమిద్దరమే. చచ్చిపోయాడనే అనుకున్నాను. రెండు నిమిషాలకు కళ్లు తెరిచి, “ఏమైందే, గట్ల ఏడుస్తున్నవ్?” అని అడిగాడు. హనుమకొండలో డాక్టరు ఫిట్స్ అని చెప్పాడు. పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ, ఒక్క పూట కూడా తప్పకూడదు, నిద్ర చెడకూడదు. తరువాత రెండు సార్లు వచ్చి, గోలీలు కుదిరాక ఏడాదిన్నరగా మళ్లీ రాలేదు.

ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. “తెలిస్తే కరెంటు పని ఎవ్వడిస్తడు? భజనల డోలక్ ఎవ్వడు ముట్టనిస్తడు? అయ్యో పాపం అని చూస్తరు. గా చూపు నాతోని కాదు” అన్నాడు. నాకు ఇంకో భయం కూడా ఉండేది. మా దిక్కు ఎవరికైనా ఫిట్స్ వస్తే పదిమంది మీద పడతారు. గుప్పిట్లో తాళంచెవులు కుక్కుతారు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెడతారు, పళ్లు విడదీసి నోట్లో నీళ్లు పోస్తారు. ఆ నీళ్లకే మనిషి పోగలడని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. అందుకే నడుమ ఎండాకాలాల్లో ఏదో వంకతో ఆపాను. ఈసారి ఆగడని తెలిసి “నేను గూడ వస్త” అన్నాను.

ఎగాదిగా చూశాడు. “నువ్వా? భజనకా? ఆడ మంచం ఉండది, ఫ్యాను ఉండది.”

“ఉండకపోతే పాయె. నువ్వున్నవ్ గద.”

డీసీఎం బండిలో బియ్యం మూటలు, పొయ్యిలు, పన్నెండు మంది మనుషులు, మధ్యలో మెత్తటి దుప్పట్లో చుట్టిన డోలక్. అలా పోయాం. ఇప్పచెట్ల కింద అప్పటికే ఇంకో ఐదు ఊళ్లవాళ్లు దిగి ఉన్నారు. మార్కెట్లో వడ్ల మీద కప్పే నీలం పరదాలు నాలుగు కర్రలకు కట్టుకుంటే అదే ఇల్లు. మా పక్క పరదాలో దంతాలపల్లి నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. ఆమె వచ్చీ రాగానే, “చెల్లె, చెప్పులు దులిపి తొడుగు, తేళ్లున్నయి” అని నా ప్రాణం సగం తీసింది. మిగతా సగం ఇప్పచెట్టు కిందికి ఎలుగుబంట్లు వస్తాయని చెప్పి తీసింది. మా ఆయన పడీ పడీ నవ్వాడు. “నువ్వు ఒక లెక్క చెప్పరాదు, ఎలుగుబంటి గదే ఉరుకుతది.”

అఖండ భజనంటే నామం ఏడు రోజులు తెగకూడదు. ఒక్కో ఊరి బృందం రెండేసి గంటలు పాడి, వచ్చే బృందానికి అందిస్తుంది. డోలక్ కింద పెట్టకూడదు. వాయించేవాడి చేతి పక్కనే వచ్చేవాడు చెయ్యి కలిపి, దరువు నడుస్తుండగానే ఒళ్లోకి తీసుకోవాలి. మాకు తెల్లవారుజామున నాలుగింటికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, రెండు వంతులు పడ్డాయి. మొదటి రోజే మా బృందం పెద్ద, డెబ్బై దాటిన మనిషి, అందరూ బాపు అంటారు, మగవాళ్ల చేతులకు కంకణాలు కట్టాడు. కట్టుకున్నవాళ్లు ఏడో రోజు దాకా పొలిమేర దాటకూడదు. ఒక్కపొద్దు ఉండాలి, అంటే దీపాలు పెట్టాకే అన్నం.

నన్ను భయపెట్టింది ఆ నాలుగింటి వంతు. నిద్ర చెడకూడదన్నాడు డాక్టరు. మైకు ఒక్క క్షణం ఆగదు, పరదా కింద ఉక్క, దోమలు. నేను ఆయన చెవుల్లో దూది పెట్టి, పగలు పది నుంచి ఒంటిగంట దాకా పడుకోబెట్టి పక్కనే కాపలా కూర్చునేదాన్ని. ఎవరైనా పిలవడానికి వస్తే కసిరేదాన్ని. “పసిపిలగాన్ని పండవెట్టినట్టు పండవెడుతున్నవు” అని దంతాలపల్లి అక్క నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. పొద్దున్నే అరచేతిలో గోలీ పెట్టి చెంబుతో నీళ్లిచ్చేదాన్ని. పొలిమేర వైపు తిరిగి మొఖం కడుక్కుని, నోరు పుక్కిలించి, “అయిపాయె” అనేవాడు.

నాలుగో రోజు పొద్దున బోరు దగ్గర ఆయన కండువా ఉతుకుతున్నాను. కొసకు ముడి ఉంది. విప్పాను. తడిసి పిండిపిండి అయిన తెల్లటి గోలీలు నాలుగు. ఆయన ఒక మర కూడా పారేసే మనిషి కాదు, షాపులో తీగె ముక్కలన్నీ డబ్బాల్లో దాస్తాడు. గోలీలు కూడా పారెయ్యడానికి చేతులు రాక ముడేసుకున్నాడు. కండువా అట్లాగే పట్టుకుని పరదా దగ్గరికి ఉరికాను.

“ఏందయ్యా గిది?”

కిందికి చూశాడు. దొరికిపోయిన పిల్లవాడి మొహం. “ఒక్కపొద్దు గదనే. దీపాలు వెట్టెదాక కడుపుల ఏం పడొద్దు. గోలీ గూడ పడేదే గద.”

“ఎవ్వడు చెప్పిండు నీకు?”

“ఎవ్వలు చెప్పుడేంది? నేను మొక్కుకున్న. ఏడొద్దులు నిష్ఠగ వాయిస్త, గీ రోగం ఇడిసిపెట్టాలె అని. రాత్రి గోలీ మింగుతనే ఉన్న గద. బతికినంత కాలం గోలీలు మింగుకుంటనే బతుకాల్నా?”

“బతుకాలె! మింగి బతుకాలె!” అని అరిచాను. అటు పక్క పరదాలో మాటలు ఆగాయి. గొంతు తగ్గించాను. ఇంటికి పోదాం పదమన్నాను. కంకణం చూపించాడు. అయితే బాపుతో చెప్తానన్నాను.

“చెప్పు. చెప్పినవంటే మళ్ల డోలక్ ముట్ట. నీ ఇష్టం.”

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు పెంచలేదు. అదే నన్ను చంపింది. మా ఆయన చేతిలో డోలక్ లేకపోతే ఏం మిగులుతాడో నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాదే, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఆ మధ్యాహ్నం నుంచి విసనకర్ర పట్టుకుని ఆయన వెనక కూర్చున్నాను. ఆడవాళ్లు అటు పక్క కూర్చుంటారు, మగవాళ్ల బృందంలో ఆడమనిషి కూర్చోవడం ఎవరూ చూడలేదు. బాపు నవ్వాడు. “ఏం బిడ్డా, దొరకు ఇసురుతున్నవా? కూసో, కూసో. మాక్కూడ జరంత గాలి తగలనియ్యి.” అందరూ కొత్త పెళ్లిజంట అని మేలమాడారు. మా ఆయన మెడ ఎర్రబడింది. నేను విసురుతూ ఆయన ఎడమ బొటనవేలినే చూశాను.

కష్టం అక్కడే వచ్చింది. ఫిట్స్ వచ్చే ముందు కొట్టుకునేది ఆ వేలే, డోలక్ మీద ఆడేదీ ఆ వేలే. ఏది దరువో ఏది రోగమో కంటితో ఎట్లా తెలియాలి? కళ్లు మూసుకుని విన్నాను. నాకు వచ్చింది లెక్కే కాబట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. మళ్లీ ఒకటి. నామం అంతా ఎనిమిదిలోనే తిరుగుతోంది. ఎనిమిది వస్తున్నంతసేపు మా ఆయన బాగున్నట్టే. నా జన్మలో అంత శ్రద్ధగా సంగీతం వినలేదు. ఐదో రోజు తెల్లవారుజామున రెండు గంటలూ అట్లాగే లెక్కపెట్టాను. తరువాత పడుకుంటే కలలో కూడా ఎనిమిది వచ్చేది, ఎనిమిది రాకపోతే ఉలిక్కిపడి లేచి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. వంతు మొదలై గంటయింది. బాపు కళ్లు మూసుకుని రాగం అందుకున్నాడు, నామం కొంచెం వాలినట్టయింది. ఐదు, ఆరు, ఏడు, ఒకటి. పొరబడ్డానేమో అనుకున్నాను. ఐదు, ఆరు, ఏడు, ఒకటి. ఎనిమిది రావాల్సిన చోట ఏడే వచ్చింది. ఎడమ బొటనవేలు వేగంగా కొట్టుకుంటోంది.

విసనకర్ర పారేసి మీద పడ్డాను. రెండు చేతులూ ఒడిసి పట్టుకుని, “ఆగుండ్రి! ఆగుండ్రి!” అని కేకేశాను. డోలక్ ఆగింది. తాళాలు ఆగాయి. నామం ఆగింది.

మైకు గుయ్యిమంటోంది. ఎక్కడో రోడ్డు మీద బొగ్గు లారీ గేరు మార్చిన చప్పుడు వినిపించింది. ఐదు రోజుల్లో ఆ ఇప్పచెట్ల కింద ఇంకో చప్పుడు వినబడడం అదే మొదటిసారి. మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు. కళ్లు తేటగా ఉన్నాయి. ఏమీ కాలేదు మనిషికి.

“నడక మార్చిన” అన్నాడు మెల్లగా. “ఏడు దెబ్బల నడక. బాపు రాగానికి.”

భూమి విచ్చుకుంటే బాగుండునని అనిపించింది. పరదాల కింద పడుకున్నవాళ్లు కూడా లేచి వస్తున్నారు. ఏమైంది, ఎందుకు తెగింది అని గుసగుసలు. అబద్ధం ఏదైనా చెప్పవచ్చు, తేలు కనబడిందనవచ్చు. నోట్లో మాట తయారుగానే ఉంది. కానీ ఆ ఏడు లెక్కపెట్టినప్పుడు వచ్చిన భయం ఇంకా వదల్లేదు. ఆ భయంతో ఇంకో రెండు రోజులు ఒక్కదాన్నే కూర్చోవడం నా వల్ల కాదు.

“ఈయనకు ఫిట్స్ ఉన్నయి బాపూ. ఐదొద్దుల సంది పొద్దటి గోలీ మింగుతలేడు, ఒక్కపొద్దని. వచ్చిందేమో అనుకున్న. నాకు దరువు తెల్వది. తప్పయింది.”

మా ఆయన తల వంచుకున్నాడు. బాపు లేచి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తన చేతిలోని తాళాలు నా చేతిలో పెట్టాడు.

“తెంపినోళ్లే అందుకోవాలె బిడ్డా. గది మా కట్టు. అందుకో.”

“నాకు రాదు బాపూ.”

“రాకున్నా అందుకోవాలె.”

అందుకున్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది, ఎండిన బోరు పంపు కొట్టినట్టు వచ్చింది. మైకులో ఆ అడవంతా వినబడింది. ఎవరూ నవ్వలేదు. రెండోసారి నామం అన్నప్పుడు అటు పక్క నుంచి దంతాలపల్లి అక్క గొంతు కలిపింది. మూడోసారికి అందరూ కలిశారు. నాలుగోసారికి డోలక్ మోగింది. ఎనిమిది. చిన్నపిల్లలకు ఎక్కం చెప్పినట్టు, ఒక్కో దెబ్బా విడివిడిగా, నాకు అందేటట్టు వాయించాడు. ఏడుపాపుకోలేకపోయాను, ఏడుస్తూనే పాడాను.

వంతు అయిపోగానే నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. దీపాల వేళ బాపు మా పరదా దగ్గరికి వచ్చి కూర్చుని, బొడ్లోంచి చిన్న సంచి తీశాడు. లోపల సూదులు.

“షుగరు నాకు. పొద్దుగాల గీ సూది పొడుసుకొని, దానికింత జావ తాగి వచ్చి పాడుతున్న. నా ఒక్కపొద్దు పోయిందా బిడ్డా? మందుకు పట్టింపుంటదని నీకు ఎవ్వలు చెప్పిండ్రు?” అని మా ఆయన్ను అడిగాడు. “డోలక్ నీదే. ఎవ్వలు గుంజుకోరు. రేపటి సంది నీ పక్కన నేను కూసుంట.” తరువాత నా వైపు తిరిగాడు. “వస్తె ఏం జెయ్యాల్నో చెప్పు.”

బృందం వాళ్లందరినీ, దంతాలపల్లి అక్కనూ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. చుట్టిన పరుపును మనిషి అనుకోమని పక్కకు తిప్పి చూపించాను. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, తాళంచెవులు వద్దు, గట్టిగా అదిమి పట్టొద్దు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే ఆలోచించకుండా దవాఖానకు. ఒక్కొక్కరితో అప్పజెప్పించుకున్నాను. తాళంచెవులు వద్దంటే ఎట్ల అని ఒకాయన వాదించబోతే నేను చూసిన చూపుకు ఊరుకున్నాడు. మా ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.

అందరూ పోయాక ఒక్క మాట అన్నాడు. “అందర్ల నన్ను రోగిష్టోన్ని జేసినవ్. రేపు నా ఎనుక కూసోకు.”

ఫిట్స్ వస్తుందన్న భయం ఒకటైతే, ఈ మనిషి ఇక నాతో మామూలుగా ఉండడేమోనన్న భయం ఇంకొకటి. రెండూ కలిసి ఆ రాత్రి నన్ను కన్ను మూయనివ్వలేదు. మూడున్నరకు లేచి, బాపు ముందర గోలీ మింగి, నన్ను చూడకుండా వంతుకు పోయాడు. మింగాడు కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ ఐదు పూటలు తప్పిన మందు ఒక్క పూటతో సర్దుకోదని నాకు తెలుసు.

తెలతెలవారుతుండగా బోరు దగ్గర బిందె నింపుతున్నాను. భజన జరిగే మండపం అక్కడికి కనబడదు, మైకు మాత్రం వినబడుతుంది. అలవాటుగా లెక్కపెడుతున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. ఒకటి, రెండు. మూడో దెబ్బ బరువుగా పడింది. నాలుగు, ఐదు, అన్నీ బరువుగానే. నామం ఆగలేదు, దరువు ఆగలేదు. చెయ్యి మారింది. అవి మా ఆయన వేళ్లు కావు.

బిందె అక్కడే పారేసి ఉరికాను. ముళ్లు గుచ్చుకున్నదీ, చెప్పులు ఎక్కడ పోయిందీ తెలియదు. మండపం దగ్గరికి పోయేసరికి బాపు ఒళ్లో డోలక్ ఉంది, ముసలి చేతులతో బాదుతున్నాడు, కళ్లలో నీళ్లు కారుతున్నాయి, పాడుతూనే ఉన్నాడు. పక్కన మా ఆయన. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. తల కింద మడతపెట్టిన కండువా. నిన్న తాళంచెవుల కోసం వాదించినాయనే మోకాళ్ల మీద కూర్చుని ఫోనులో టైము చూస్తున్నాడు. దంతాలపల్లి అక్క రెండు చేతులూ చాపి జనాన్ని ఆపుతోంది. “గాలాడనియ్యిండ్రి! నీళ్లు తేవొద్దు! ఎవ్వలు ముట్టొద్దు!” అన్నీ నేను చెప్పిన మాటలే.

“నిమిషమున్నర అయింది టీచరమ్మా. తగ్గుతుంది” అన్నాడు ఫోను చూస్తున్నాయన.

తగ్గింది. నేను పక్కన కూలబడి ఆయన వీపు నిమిరాను. ఒళ్లంతా చెమట, ఊపిరి గురక పెట్టినట్టు వస్తోంది. డీసీఎం బండి స్టార్టు చేసే ఉంచారు. బాపు వాయించడం ఆపకుండానే గడ్డంతో బండి వైపు చూపించాడు. పొలిమేర, కంకణం అని ఎవరూ ఒక్క మాట అనలేదు.

బండిలో వెనక దుప్పట్ల మీద ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను. భూపాలపల్లి దవాఖాన అరగంట. బండి కదిలింది. మైకు ఇంకా వినబడుతోంది. బరువుగా, కొంచెం అటూ ఇటూగా, ఎనిమిదే వస్తోంది. మట్టి రోడ్డు దాటాక ఆయన కళ్లు తెరిచాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. నిన్నటి నుంచి నా మొహం చూడని మనిషి, ఇప్పుడు కళ్లు తిప్పకుండా చూస్తున్నాడు.

“వచ్చిందా?”

“వచ్చింది. పోయింది.”

పెదవులు తడుపుకున్నాడు. “నామం తెగిందా?”

“తెగలే. బాపు అందుకున్నడు.”

కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. మూసిన కళ్లతోనే మూతి ఒక పక్కకు వంచి నవ్వాడు.

“అయితే గిన్నొద్దులల్ల తెంపింది నువ్వొక్కదానివే.”

“నేనే” అన్నాను. కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచాను. “గోలీ మింగకుంటే మళ్ల తెంపుత.”